పట్టడమా, పూనడమా, తొడుక్కోవడమా?

అందరికీ నమస్కారం. ఇంగ్లీషు రాని స్నేహితుల కోసం 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ 2: ఫ్రెడ్డీస్ రివెంజ్' (1985)కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. మూడు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

చూడనివాళ్ల కోసం కాస్త కథ చెబుతాను. 1984లో వచ్చిన మొదటి భాగంలో ఫ్రెడ్డీ క్రూగర్ కలలోకి వచ్చి చంపుతాడు. అక్కడ వాడికి ఒళ్ళు అక్కర్లేదు, ఎదుటివాళ్ల నిద్ర చాలు. రెండో భాగంలో వాడు మెలకువ లోకంలోకి రావాలనుకుంటాడు. అందుకు మొదటి భాగంలోని ఇంట్లోకే కొత్తగా దిగిన జెస్సీ అనే కుర్రాడి శరీరం కావాలి. ఒళ్ళు నీది, బుర్ర నాది అన్నట్టుగా మాట్లాడతాడు.

నేను 'దయ్యం పట్టింది' అని రాశాను. చదువుకుంటే తేలిపోయింది. పడిశం పడుతుంది, తుప్పు పడుతుంది, బూజు పడుతుంది. ఇవన్నీ బయటి నుంచి వచ్చి అంటుకునేవి. ఫ్రెడ్డీ అలా అంటుకోడు. లోపల చేరి, ఆ చేతిని తన చెయ్యిలా వాడుకుంటాడు. ఏం రాయమంటారు?

జవాబు: 'ఆవహించాడు' అంటే సరిపోతుంది కదండీ. అందరికీ తెలిసిన మాటే.

అడిగినవారు: ముందు అదే రాశానండీ. కానీ చీకటి ఆవహించింది, నిరాశ ఆవహించింది అని వాడీ వాడీ దానికి కమ్ముకోవడం అనే అర్థం వచ్చేసింది. పైగా ఆవాహన అంటే పూజలో దేవుణ్ణి రమ్మని పిలవడం. జెస్సీ ఎవర్నీ పిలవలేదు.

జవాబు: పరకాయ ప్రవేశం?

అడిగినవారు: అది యోగుల విద్య. శంకరుడు అమరుకుడి దేహంలో ప్రవేశించిన కథ తీసుకోండి, ఆ రాజు అప్పటికే చనిపోయాడు. ఇక్కడ జెస్సీ బతికే ఉన్నాడు, జరిగేదంతా తెలుస్తూనే ఉంది. ఈ సినిమాలో అసలు భయం అదే.

మరొకరి జవాబు: ఈ సందర్భానికి దగ్గరి మాట 'ఆవేశం' అండీ. సంస్కృతంలో 'విశ్' అంటే లోపలికి పోవడం. ప్రవేశం అందులోంచి వచ్చిందే. ఇప్పుడు ఆవేశం అంటే కోపమో ఉద్రేకమో అయిపోయింది గానీ, దాని మొదటి అర్థం ఒకరు మరొకరిలోకి చొరబడటమే. భారతంలో నలుడి కథ గుర్తు చేసుకోండి. దమయంతి తనకు దక్కలేదని కలి పగపట్టి, నలుడిలో దూరడానికి సందు కోసం పన్నెండేళ్లు కాచుకుంటాడు. ఒకరోజు నలుడు కాళ్ళు కడుక్కోకుండా సంధ్య వార్చాడు. ఆ చిన్న లోపం చాలు, కలి లోపలికి పోయాడు. జూదమాడింది నలుడే, రాజ్యం పోగొట్టుకున్నదీ నలుడే, ఆడించింది మాత్రం కలి. జెస్సీ పరిస్థితి అచ్చం ఇదే. 'ఆవేశంలో చేశాను' అని మనం రోజూ అనే మాటలో ఈ కథంతా దాగి ఉందని తెలిసిన రోజున నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది.

అడిగినవారు: ఎంత మంచి మాట చెప్పారండీ! కానీ తెర మీద రెండు క్షణాలుండే వాక్యంలో 'ఆవేశించాడు' అని రాస్తే, ఎవరో కోప్పడ్డారనుకుంటారు.

ఇంకొకరు: 'పూనాడు' అనండి. పాత కావ్యాల్లో పూనడం అంటే ధరించడం, వహించడం. ఒంటిని వేసుకోవడమే కదా వాడు చేసేది.

జవాబు: అర్థం కుదురుతుంది గానీ, వాడుక ఒప్పుకోదండీ. మన నోట అమ్మవారు పూనుతుంది, దయ్యం పడుతుంది. హంతకుడికి 'పూనడం' వాడితే నా మనసుకి కష్టంగా ఉంటుంది.

అడిగినవారు: నాకూ అంతే. కానీ మీరన్న 'ధరించడం' దగ్గర ఒకటి తట్టింది. ఫ్రెడ్డీ కుడి చేతికి కత్తులు బిగించిన గ్లోవ్ ఉంటుంది. రెండో భాగంలో అది కింది గదిలోని కొలిమిలో జెస్సీకి దొరుకుతుంది. స్నానాల గదిలో జెస్సీ స్కూలు కోచ్ హత్య తర్వాత చూసుకుంటే, ఆ గ్లోవ్ జెస్సీ చేతికే ఉంటుంది. జెస్సీ గ్లోవ్ తొడుక్కున్నాడు, ఫ్రెడ్డీ జెస్సీని తొడుక్కున్నాడు! 'నిన్ను తొడుక్కుంటాను' అని ఫ్రెడ్డీ చేత అనిపిస్తే?

జవాబు: అద్భుతం. ఒక్క ఇబ్బంది ఉంది. చివర్లో జెస్సీ స్నేహితురాలు లిసా దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టాక ఫ్రెడ్డీ కాలిపోతాడు, ఆ మాడిన ఒంటి లోంచి జెస్సీ బయటికి వస్తాడు. అక్కడ లోపల ఉన్నది జెస్సీ, పైనున్న తొడుగు ఫ్రెడ్డీ.

అడిగినవారు: అవునండీ, ఆ సీను మళ్లీ పెట్టుకుని చూశాను. అక్కడ సంభాషణ దాదాపు లేదు, కాబట్టి నేను కొత్తగా ఏమీ రాయక్కర్లేదు. ముందు 'తొడుక్కుంటాను' అని రాసి ఉంటే, ఆ పొట్టు ఊడిపోవడం చూసేవాళ్లకే తెలుస్తుంది. 'పట్టింది' అని మొదట రాసిన ఆరు చోట్లా ఈ రాత్రికి మార్చేస్తున్నాను.