‘కత్తల్ రాత్’ అంటే ఏ రాత్రి?

నిన్న రాత్రి రెండు దాటినా నిద్ర పట్టలేదు. చలికాలం వచ్చిందంటే నాకు ఇదే వరస. సాయంత్రం దోస్తులమంతా బడి గ్రౌండ్‌లో నెట్ కట్టి, బల్బులు వేసుకొని షటిల్ ఆడతాం. ఆట అయ్యాక చలిమంట, మంట చుట్టూ రాజకీయాలు. ఇంటికొచ్చి పడుకుంటే తలలో ఇంకా ఆ మాటలే తిరుగుతుంటాయి. నిన్న కూడా అట్లాగే ముసుగులో ఫోన్ పట్టుకొని చూస్తుంటే, పంచాయతీ ఎన్నికల గురించిన పాత వార్త ఒకటి ఎదురైంది. డబ్బు కవర్లు, మందు సీసాలు, ఇంటింటికీ పంపకాలు. ఆ రాత్రికి పెట్టిన పేరు ‘కత్తల్ రాత్’.

మన పేపర్లకీ టీవీలకీ ఈ మాట బాగా అలవాటైంది. కొందరు ‘ఖతల్ రాత్’ అని రాస్తారు. ఎన్నిక ఏదైనా, పోలింగ్ ముందు రాత్రి అంటే కత్తల్ రాతే. నాకు మాత్రం ఈ మాట మొదట తెలిసింది ఎన్నికల్లో కాదు, మొహర్రంలో పీర్లను నిలబెట్టే పీర్ల కొట్టం ముందర. అందుకే మన గుంపులో చర్చకు పెడుతున్నాను.

మాది సూర్యాపేట వైపు పల్లె. 1977లో పీర్ల పండుగ డిసెంబరులో వచ్చింది. హిజ్రీ సంవత్సరం మనం వాడే క్యాలెండర్ కన్నా దాదాపు 11 రోజులు చిన్నది కదా, అందుకని మొహర్రం నెల అన్ని కాలాలూ తిరుగుతుంది. ఆ ఏడు చలికి దొరికింది. కొట్టం ముందర గుంట తవ్వి, తుమ్మ మొద్దులు వేసి నిప్పు చేశారు. దాన్నే అలావ అంటాం. తొమ్మిదో రోజు రాత్రి ఊరు ఊరంతా దాని చుట్టూనే ఉంది. డప్పు మోగుతోంది, మగవాళ్లు నిప్పు చుట్టూ తిరుగుతూ ఆడుతున్నారు, ఊదు పొగ, మలీద ముద్దలు. ఎవరూ పడుకోలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. నేనూ నా దోస్తూ ఒకే గొంగడి కప్పుకొని, నిప్పు వైపు కాళ్లు చాపి కూర్చున్నాం. వాడు ఒరిగితే నేను లేపుతున్నాను, నేను తూలితే వాడు లేపుతున్నాడు. ఎందుకు పడుకోవద్దని మా నాయనమ్మని అడిగితే, “ఇయ్యాల కతల రాత్రి బిడ్డా. తెల్లారితే ఆయన పానం పోతది. మనం పండుకుంటే ఎట్ల?” అంది.

ఆమె చెవికి అది ‘కతల రాత్రి’. అసలు మాట నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అరబ్బీలో ‘ఖత్ల్’ అంటే చంపడం. ఉర్దూలో ‘ఖత్ల్ కీ రాత్’. క్రీ.శ. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమాం హుసేన్ ప్రాణం పోయింది మొహర్రం పదో రోజున. దాని ముందు రాత్రి ఇది. మాట చివర ‘త్ల్’ అని రెండు హల్లులు కలిసి రావడం తెలుగు నాలుకకి తిరగదు. మధ్యలో అచ్చు చేరి ‘కతల్’ అయింది, ఒత్తి పలికితే ‘కత్తల్’ అయింది.

చనిపోబోయే మనిషి కోసం ఊరంతా మేలుకొని ఉండే రాత్రి పేరు, ఓట్లు కొనే రాత్రికి ఎట్లా వచ్చింది? మీ జిల్లాల్లో ఈ మాట ఉందా? ఉంటే ఏ అర్థంలో ఉంది? తెలిసినవాళ్లు చెప్పండి.

*

అనంతపురం వైపు నుంచి ఒక సభ్యుడు రాశారు:

అన్నా, మా పక్క కొట్టం అనం, పీర్ల చావిడి అంటాం. అలావ అనే మాట కూడా తక్కువే, గుండం అంటాం. గూగూడులో కుళ్లాయిస్వామి పీరు దగ్గరికి మా ఇంటిల్లిపాదీ పోతాం. మొక్కుకున్నవాళ్లు నిప్పుల మీద నడుస్తారు, హిందువులూ ముస్లింలూ అని తేడా ఉండదు. అయితే ‘కత్తల్ రాత్’ అనే మాట మాత్రం నేను టీవీలోనే విన్నాను. కత్తి నుంచి వచ్చిందేమో అనుకున్నా, కత్తులు దూసుకునే రాత్రి అని. ఇంకొందరు ‘ఖతం’ అంటున్నారు, ప్రచారం ఖతం అయ్యే రాత్రి కాబట్టి.

*

నా జవాబు:

తమ్ముడూ, రెండూ కావు. కత్తి మన దక్షిణాది మాట. తమిళం, కన్నడం, మలయాళం అన్నింటిలోనూ ఉంది, అరబ్బీతో దానికి చుట్టరికం లేదు. ‘ఖతం’ అరబ్బీదే గానీ వేరే మాట, ముగింపు అని అర్థం. అరబ్బీలో ఆ రెండింటి మొదటి అక్షరాలే వేరు. మనం తెలుగులో రెండింటికీ ‘ఖ’ రాస్తాం కాబట్టి ఒకటే అనిపిస్తుంది. అయితే నీ ఊహలో ఒక నిజం ఉందని నాకు తోస్తుంది. ‘కతల్’ కాస్తా ‘కత్తల్’ కావడంలో మన చెవికి అలవాటైన ‘కత్తి’ సాయపడి ఉండొచ్చు. మా నాయనమ్మ ‘కతలు’ విన్నట్టే ఇంకొకరు ‘కత్తి’ విన్నారు. పరాయి మాట ఇంట్లోకి వస్తే, అప్పటికే ఇంట్లో ఉన్న మాటల్లో ఏదో ఒకదాని పోలిక వెతుక్కుంటాం.

*

హైదరాబాద్ నుంచి ఒక సభ్యురాలు రాశారు:

మా ఇంటి భాష ఉర్దూ, చదువుకున్నది తెలుగు మీడియంలో. మా ఇంట్లో ఆ రాత్రిని ‘షబే ఆషూర్’ అంటారు. ఖత్ల్ కీ రాత్ అన్నా అందరికీ తెలుసు. మీ నాయనమ్మ మాట చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఎన్నికలప్పుడు టీవీలో ఆ మాట వినిపిస్తే మా అమ్మ ఏమీ అనదు, రిమోట్ తీసుకొని సౌండ్ తగ్గిస్తుంది. వార్త చదివేవాళ్లకి తెలిసి అంటున్నారని నేను అనుకోను. కానీ తెలిశాక కూడా అనాల్సిన పని లేదు కదా.

ఇంకొక సంగతి. నేను నర్సుని, వారానికి మూడు నైట్ డ్యూటీలు. తెల్లవారుజామున రౌండ్‌కి వెళ్తే పేషెంట్లు ‘నిద్ర పోలేదు’ అనరు. ‘నిద్ర పట్టలేదమ్మా’, ‘కన్ను అంటుకోలేదు’, ‘కునుకు పడలేదు’ అంటారు. నిద్రపోవడం మన చేతిలో పని కాదన్నట్టు ఉంటాయి ఈ మాటలన్నీ. దీని గురించి కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది.

*

నా జవాబు:

అమ్మా, మీ అమ్మగారికి నా సలాం చెప్పండి. రిమోట్ సంగతి నేను మరిచిపోలేను.

నిద్ర పట్టడం గురించి మీరన్నది నిజం. ‘పట్టు’ అనే క్రియ ఇంకా ఎక్కడెక్కడ వస్తుందో చూడండి. ముసురు పట్టింది, మబ్బు పట్టింది, చెమట పట్టింది, తుప్పు పట్టింది, దయ్యం పట్టింది. అన్నీ బయట నుంచో లోపల నుంచో వాటంతట అవి వచ్చి కమ్ముకునేవే. మనం ‘నేను నిద్రను పట్టాను’ అనం, ‘నాకు నిద్ర పట్టింది’ అంటాం. ముసురు లాగా అది రావాలి. రాకపోతే ఎదురుచూడటమే. ఆ ఎదురుచూపుకి ‘మెలకువ’ అని పేరు. అదే మాటకి బహువచనం పెడితే ‘మెలకువలు’, షటిల్ ఆటలో కుర్రాళ్లకి మేం నేర్పేవి. ‘జాగ్రత్త’ కూడా అంతే, సంస్కృతంలో మేలుకొని ఉండటం నుంచి వచ్చిన మాట. శివరాత్రి జాగారమూ, అమ్మ చెప్పే ‘జాగ్రత్త నాన్నా’ కూడా ఒకే ధాతువు నుంచి వచ్చాయి.

*

శ్రీకాకుళం నుంచి ఒక సభ్యురాలు రాశారు:

రాజకీయాలు మేలుకునే రాత్రినే కాదండీ, నిద్రని కూడా తీసుకున్నాయి. ‘పల్లె నిద్ర’ అని నాయకులు వచ్చి ఊళ్లో పడుకొని వెళ్తారు కదా. ‘నిద్ర చేయడం’ అనేది మాకు చాలా దగ్గరి మాట. కొత్త పెళ్లికూతురు మూడు నిద్రలు చేస్తుంది. మొక్కు ఉంటే గుడిలో నిద్ర చేస్తాం. మనిషి పోయిన ఇంటి వాళ్లని దగ్గరి బంధువులు ‘నిద్రకి’ తీసుకెళ్తారు, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టుకొని పంపిస్తారు. మా నాన్నగారు పోయినప్పుడు మా పిన్ని నన్ను అలా తీసుకెళ్లింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు గానీ, నిద్ర చేశాను.

*

నెల్లూరు నుంచి ఒక విశ్రాంత తెలుగు మాస్టారు రాశారు:

అయ్యా, మేలుకున్నవాళ్ల లెక్క మా ఊరి కవి ఎప్పుడో తేల్చి పెట్టాడు. తిక్కన ఉద్యోగపర్వంలో పద్యం ఇది:

బలవంతుఁడు పై నెత్తిన
బలహీనుఁడు ధనము గోలుపడిన యతఁడు మ్రు
చ్చిల వేచువాఁడు కామా
కుల చిత్తుఁడు నిద్రలేక కుందుదు రధిపా!

సంజయుడు పాండవుల దగ్గర నుంచి తిరిగి వచ్చి, వాళ్ల మాటలు రేపు సభలో చెబుతానని వెళ్లిపోతాడు. ధృతరాష్ట్రుడికి ఆ రాత్రి నిద్ర రాదు. విదురుణ్ణి పిలిపిస్తే అతను చెప్పిన మాట ఇది. బలవంతుడు మీదికి వచ్చిన బలహీనుడు, సొత్తు పోగొట్టుకున్నవాడు, దొంగతనానికి కాచుకున్నవాడు, కోరికతో మనసు చెదిరినవాడు. నిద్ర లేనిది ఈ నలుగురికి. సంస్కృత భారతంలో ఆ ఘట్టానికి పేరే ప్రజాగర పర్వం, ప్రజాగరం అంటే నిద్రలేమి. తిక్కన పద్యం రాసుకొని కూర్చున్నవాడు మాత్రమే కాదు, నెల్లూరు రాజు మనుమసిద్ధికి మంత్రి. అక్కన, బయ్యన అనేవాళ్లు రాజ్యం లాక్కుంటే, సాయం అడగడానికి ఓరుగల్లులో గణపతిదేవుడి దగ్గరికి వెళ్లినవాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. ‘బలవంతుడు పై నెత్తిన బలహీనుడు’ అనే మాట ఆయనకి పుస్తకంలోది మాత్రమే అయి ఉంటుందా?

*

నా జవాబు:

మాస్టారూ, మీకు దండం. బడిలో బట్టీ పట్టిన పద్యం. ఇన్నేళ్ల తర్వాత మూలం పక్కన పెట్టుకొని మళ్లీ చదివాను. సంస్కృత శ్లోకం ఇది: ‘అభియుక్తం బలవతా దుర్బలం హీనసాధనమ్, హృతస్వం కామినం చోరమావిశంతి ప్రజాగరాః’. అందులో ఉన్నది ‘చోరం’ అని ఒక్క మాట, దొంగ. తిక్కన దాన్ని ‘మ్రుచ్చిల వేచువాఁడు’ చేశాడు. మ్రుచ్చిలడం అంటే దొంగిలించడం, వేచువాడు అంటే సమయం కోసం చూస్తున్నవాడు. దొంగతనం ఇంకా జరగలేదు. దొంగిలించి ఇంటికొచ్చినవాడు హాయిగా పడుకోవచ్చు కూడా, కాచుకున్నవాడికి ఆ వీలు లేదు. ఈ చిన్న మార్పు నాకు ఎంతో పెద్దదిగా కనపడుతోంది. ఇంకో తేడా, శ్లోకంలో నిద్రలేమి వచ్చి మనుషుల్లో దూరుతుంది. తిక్కన పద్యంలో మనుషులే నిద్ర లేక కుందుతారు. బాధ పడేవాడి వైపు నుంచి చెప్పాడు.

శ్లోకం తర్వాత విదురుడు ఊరుకోడు. ఇందులో ఏ దోషమూ నిన్ను అంటలేదు కదా, పరుల సొమ్ము మీద ఆశతో తపించడం లేదు కదా అని రాజునే అడుగుతాడు. పద్యాన్ని నీతిపద్యంగా విడదీసి చదువుకుంటే ఆ ప్రశ్న జారిపోతుంది.

ఇప్పుడు నా దోస్తు సంగతి చెప్పాలి. 1977లో నాతో గొంగడి పంచుకున్నవాడే. 2019 జనవరిలో తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడ్డాడు. పోలింగ్ ముందు రాత్రి వాళ్ల ఇంటి వెనక చలిమంట వేసుకొని పది మందిమి కూర్చున్నాం. అవతలి వాళ్లు పంచడం మొదలుపెట్టారని ఫోన్లు వస్తున్నాయి. మనమూ పంచుదామని సగం మంది, వద్దని సగం మంది. వాడు ఏమీ మాట్లాడకుండా పుల్లతో నిప్పు కెలుకుతున్నాడు. ఎవరో “కత్తల్ రాత్ అంటే ఇట్లనే ఉంటది” అన్నారు. వాడు తలెత్తి నా వైపు చూశాడు. ఇద్దరికీ ఆ అలావ గుర్తొచ్చింది, నాకు తెలుసు. ఇద్దరం ఏమీ అనలేదు.

పొలం ఒక ఎకరం అమ్మిన డబ్బు వాడి ఇంట్లో ఉంది. అందులో కొంత ఆ రాత్రి బయటికి వెళ్లింది. నేను ఆపలేదు. ఆపాల్సింది. ఏడేళ్లుగా చలిమంట దగ్గర కూర్చున్నప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది, నాకు నిద్ర పట్టకపోవడానికి ఒక కారణం ఇది. పొద్దున ఏడింటికి పోలింగ్, ఒంటి గంటకి అయిపోయింది, రెండింటికి లెక్క మొదలైంది. చీకటి పడకముందే తేలిపోయింది, ఓడిపోయాడు. వాళ్లింట్లో ఏడుపులు. నేను వాణ్ణి మా ఇంటికి తీసుకొచ్చాను. మీరు చెప్పిన ‘నిద్రకి తీసుకెళ్లడం’ చదువుతుంటే నాకు ఆ రాత్రే కళ్ల ముందుకొచ్చింది, శ్రీకాకుళం అక్కా. పద్యం ప్రకారం ధనము కోలుపోయినవాడికి నిద్ర ఉండకూడదు. వాడు పక్క మీద వాలిన పది నిమిషాలకే నిద్రపోయాడు. కాచుకొని ఉండాల్సిన పని అయిపోయింది మరి. నేనే తెల్లవార్లూ కూర్చున్నాను.

‘చలి కాచుకోవడం’, ‘చేను కాయడం’, ‘కాచుకొని కూర్చోవడం’. మూడింటిలోనూ వినపడేది ‘కాచు’, మొదటిదానిలో మాత్రం అర్థం వేరు, వెచ్చబరచుకోవడం. మొదటిది ఒంటి కోసం, రెండోది పంట కోసం, మూడోది మాటు వేయడం. అలావ దగ్గర మా ఊరు చేసింది ఇంకో రకం కాపలా, అక్కడ లేని మనిషి కోసం మేలుకోవడం. ‘కత్తల్ రాత్’ అనే పేరు దానికే ఉండాలని నా గట్టి కోరిక. అందుకని నేను రాసే చోటల్లా ఇకనుంచి ‘పోలింగ్ ముందు రాత్రి’ అనే రాస్తాను. పత్రికల్లో పనిచేసేవాళ్లు ఈ గుంపులో నలుగురైదుగురు ఉన్నారు, మీరు కూడా ఒకసారి ఆలోచించండి.

కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు ఇంకా ఏమీ రాయలేదు. మీ ఊళ్లో మొహర్రం తొమ్మిదో రాత్రిని పెద్దవాళ్లు ఏమంటారో, వాళ్లు పలికినట్టే రాయండి. అక్షరం దిద్దకండి.