తొమ్మిది రకాల బుల్లి గవ్వలు, ఒక్కదానికీ పేరు దొరకడం లేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్

అలలఅమ్మ:
సాయంత్రం ఐదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి పదకొండు. కళ్లు లాగేస్తున్నాయి. మా పాపది ఏడో తరగతి. బీచ్‌లో ఏరిన గవ్వలు అట్ట మీద అంటించి, కింద సైంటిఫిక్ పేర్లు రాయాలట, సోమవారం ఇచ్చేయాలి. మా దగ్గర తొమ్మిది రకాలున్నాయి. గులాబీ రంగుది, బూడిద రంగు మీద గీతలది, పులి చారలది, గోధుమ రంగు మచ్చలది ఒక్కోటి. ముత్యంలా తెల్లగా మెరిసేవి మూడు. గుండ్రంగా, నల్ల గీతలున్నవి రెండు. ఫోన్‌లో యాప్‌కి చూపిస్తే ఒకసారి అంబోనియం అంటుంది, ఇంకోసారి నెరిటా అంటుంది, మూడోసారి ఏదో తోటనత్త పేరు చెప్పింది! మావారి మేనమామ గారి పాత పుస్తకంలో ఇలాంటి బొమ్మ కిందే రొటెల్లా అని ఉంది. ఏది నమ్మాలి? తొమ్మిదింటికీ పేర్లు చెప్పేస్తే చాలు. ఫోటోలు పైనుంచి చాలా క్లియర్‌గా తీశాను.

ఉప్పుటేరు:
సైజు? ఎక్కడ ఏరారు? కింది వైపు ఫోటో?

పాత మాస్టారు:
అమ్మా, పేర్ల సంగతి తర్వాత. ముందు ఇవి గవ్వలు కావు. గవ్వకు నోరు సన్నటి చీలికలా ఉంటుంది, ఆ చీలిక రెండంచులకూ పళ్లుంటాయి. మనం అష్టాచెమ్మాకు వేసుకునేది అది. ఒకప్పుడు డబ్బుగా చెలామణి అయిందీ అదే. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం ఊరికే అనం. లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1758లో దానికి సిప్రియా మొనెటా అని పేరు పెట్టాడు, ఇప్పుడు మొనెటేరియా మొనెటా అంటున్నారు. మీ ఫోటోల్లో ఉన్నవి నత్తగుల్లలు. పిల్ల చార్టు మీద పెద్దక్షరాలతో గవ్వలు అని రాస్తే మొదటి మాటే తప్పవుతుంది.

ఇసుకదిబ్బ:
మాస్టారూ, మా భీమిలి వైపు బీచ్‌లో దొరికే ప్రతీదీ గవ్వే. చిప్పా గవ్వే, గుల్లా గవ్వే. అద్దం చుట్టూ అంటించి అమ్మేదీ గవ్వే. ఇప్పుడు మా అమ్మమ్మకెళ్లి నువ్వు తప్పు మాట్లాడుతున్నావని చెప్పనా?

పాత మాస్టారు:
వాడుక వేరు, శాస్త్రం వేరు నాయనా.

అలలఅమ్మ:
నత్తగుల్లలనే రాస్తాను సార్, పేర్లు చెప్పండి. @ఉప్పుటేరు గారూ, సైజు చిన్నవే. బీచ్‌లో అని రాశాను కదా.

ఉప్పుటేరు:
చిన్నవి అంటే? పెసరగింజా, చొక్కా గుండీనా?

అలలఅమ్మ:
చొక్కా గుండీ అంత. ఏడు మాత్రం పల్చగా, నొక్కేసినట్టు ఉన్నాయి. ఆఖరి రెండూ ఉబ్బెత్తుగా బఠానీ గింజల్లా ఉన్నాయి. కింది వైపు ఇప్పుడు తీసి పెట్టాను, లైటు సరిగ్గా లేదు, సర్దుకోండి.

గుల్లలపెట్టె:
హమ్మయ్య, ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. అమ్మా, నత్తగుల్లను పైనుంచి ఫోటో తీయడమంటే మనిషిని నడినెత్తి మీదనుంచి ఫోటో తీసి ఎవరో చెప్పమన్నట్టే. పేరు చెప్పేది కింది వైపే. నోరు ఏ ఆకారంలో ఉంది, పెదవి మందమా పల్చనా, మధ్యలో బొడ్డు ఉందా లేదా అని చూస్తాం. బొడ్డు అంటే చుట్లన్నీ కలిసే నడిమధ్యన ఉండే గుంట.

మీ ఏడింటికీ బొడ్డు ఉండాల్సిన చోట గుంట లేదు, నున్నటి గట్టి దిమ్మ కప్పేసి ఉంది. పైన బల్లపరుపు, చుట్ల మధ్య అతుకులు దాదాపు కనబడనంత నునుపు, సెంటీమీటరు అటూ ఇటూ సైజు. ఏడూ ఒకటే జాతి: అంబోనియం వెస్టియేరియం. ఇంగ్లీషులో బటన్ షెల్ అంటారు, మీరు చొక్కా గుండీ అన్నది అందుకే సరిగ్గా అతికింది. లాటిన్‌లో వెస్టియేరియస్ అంటే బట్టలకు సంబంధించినదని అర్థం.

మేనమామ గారి పుస్తకమూ తప్పు కాదు. రొటెల్లా దీని పాత ప్రజాతి పేరు. ప్రజాతి అంటే దగ్గరి జాతులన్నిటినీ కలిపిన గుంపు, రెండు మాటల పేరులో మొదటి మాట అదే. లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1822లో రొటెల్లా అన్నాడు, కానీ లింక్ అనే ఆయన అంతకు ముందే, 1807లో, అంబోనియం అని పెట్టేశాడు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది.

అలలఅమ్మ:
ఏడూ ఒకటేనా?! గులాబీది, చారలది, మచ్చలది ఎక్కడా పోలికే లేదండీ. ముత్యంలా ఉన్నవైతే చూస్తేనే తెలిసిపోతోంది వేరని.

గుల్లలపెట్టె:
ఈ జాతిలో రంగుని నమ్మితే మునిగిపోతాం. ఒక్క గుప్పెడు ఇసుకలోంచి తీసినా ఏ రెండూ ఒకలా ఉండవు. నేను మొదట్లో పదకొండు రకాలని వేరువేరు అగ్గిపెట్టెల్లో పెట్టి, పైన పదకొండు చీటీలు అంటించుకున్నవాణ్ని. మీరు తొమ్మిదితోనే ఆగారు, నయం.

ముత్యం వాటి సంగతి చెప్పండి. వాటిని దేంతోనైనా కడిగారా?

అలలఅమ్మ:
వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టాను. మురికి పోతుందని ఒక వీడియోలో చెప్పారు. అన్నీ పట్టలేదు, ఆ మూడే పట్టాయి గిన్నెలో. అది కూడా చెప్పాలా?

గుల్లలపెట్టె:
అమ్మా! మొదటి లైనులో చెప్పాల్సింది అదే. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్, వెనిగర్ అంటే ఆమ్లం. గిన్నెలో బుడగలు వచ్చే ఉంటాయి. మురికితోపాటు పైపొర, రంగులు, గీతలు అన్నీ కరిగిపోయి లోపలి ముత్యపు పొర బయటపడింది. ఆ మూడూ స్నానం ఎక్కువైన అంబోనియాలే. మంచినీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. మిగతావాటిని మాత్రం వెనిగర్ దరిదాపులకు తీసుకెళ్లకండి.

అలలఅమ్మ:
బుడగలొస్తే మురికి పోతోందని సంబరపడ్డాను. ఇంకో సంగతి. మచ్చలదానికి పైన గుండుసూది తలంత చిల్లు ఉంది, అంచు భలే నున్నగా ఉంది. ఎవరో దండ గుచ్చడానికి వేసి పారేసినట్టుంది. వాడినది కాబట్టి తీసేయనా?

ఉప్పుటేరు:
తీసేయకండి. ఇంకో నత్త తినేసింది దాన్ని.

గుల్లలపెట్టె:
నాటికా కుటుంబం నత్తల పని అది. ఇసుకలో పాకుతూ వచ్చి, పట్టుకుని, గుల్లకు రంధ్రం చేసి లోపలి మెత్తటి జీవిని తినేస్తాయి. చిల్లు పైన వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా గరాటులా ఉంటే దాదాపు వాటి పనే. మీ చార్టులో కథ ఉన్న గుల్ల అదొక్కటే, దాన్ని నడిమధ్యలో పెట్టండి.

ఇసుకదిబ్బ:
అక్కా, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోవద్దు. సంచి తెరిస్తే కంపు కొట్టిందా?

అలలఅమ్మ:
కొట్టింది. అందుకే కదా వెనిగరు. నాలుగైదింటి నోటికి పల్చటి గోధుమ రంగు రేకులు అతుక్కుని ఉంటే పిన్నీసుతో పీకి పారేశాను.

ఇసుకదిబ్బ:
అయితే అవి బతికున్నవే. పోటు తగ్గినప్పుడు తడి ఇసుకలో రెండు వేళ్లు పెట్టి గెలికితే పైకొస్తాయి, మా పిల్లలూ అలాగే తీస్తారు. తీసి చూసి వదిలేయాలి. ఖాళీవి ఒడ్డున బోలెడు దొరుకుతాయి, అవి ఏరుకోండి.

గుల్లలపెట్టె:
ఆ రేకులు పారేయడం ఇంకా పెద్ద నష్టం. అది నత్త తలుపు. లోపలికి ముడుచుకుని వేసుకునే మూత. అంబోనియానికి పల్చగా, కొమ్ముతో చేసినట్టు, మీద సన్నటి చుట్లు చాలా కనిపిస్తాయి. నెరిటా కుటుంబం వాటికి మూత రాయిలా గట్టిగా ఉంటుంది. మీ యాప్ ఈ రెండింటి మధ్య ఊగిసలాడింది కదా, ఆ మూత ఒక్కటి ఉంటే అరనిమిషంలో తేలిపోయేది.

తినే తీరులోనూ ఇది వింతదే. దీని దగ్గరి చుట్టాలు రాళ్ల మీద నాచు గీక్కుని తింటాయి. ఇది ఇసుకలో పూడుకుని నీటిని వడగట్టుకుని తింటుంది. దీన్ని పాప చేత ఒక లైను రాయించండి, టీచరు ముచ్చటపడతారు.

అలలఅమ్మ:
సరే. మరి ఆ ఉబ్బెత్తువి రెండూ? టీచరు ఇచ్చిన కాగితంలో వామావర్తమా, దక్షిణావర్తమా అని కూడా ఒక గడి ఉంది. అదేంటి?

పాత మాస్టారు:
కొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడిచేతి వైపు వస్తే దక్షిణావర్తం. అన్నీ అవే.

ఇసుకదిబ్బ:
మాస్టారూ, అలాగైతే ప్రతి ఇంట్లోనూ దక్షిణావర్త శంఖమే ఉండాలి. అది దొరకదనే కదా అంత ధర, అంత మోసం?

పాత మాస్టారు:
నేను శంఖం గురించి చెప్పడం లేదు. డెక్స్‌ట్రల్ అన్న మాటకు తెలుగు దక్షిణావర్తం.

గుల్లలపెట్టె:
ఇక్కడ ఇద్దరూ సరే, అదే చిక్కు. పూజ శంఖాన్ని తోక వైపు పైకి ఉండేలా పట్టుకుని చూస్తారు, శాస్త్రంలో తలకిందులుగా, కొన పైకి పెట్టి చూస్తారు. అందుకే జంతుశాస్త్రం ఎడమచుట్టు అనే అరుదైన శంఖమే గుడిలో దక్షిణావర్తం. మామూలు శంఖం శాస్త్రానికి కుడిచుట్టు, పూజారికి వామావర్తం.

పాత మాస్టారు:
పాఠ్యపుస్తకంలో ఏ మాట ఉంటే ఆ మాటే రాయాలి. పిల్లలను అయోమయంలో పెట్టకూడదు.

ఉప్పుటేరు:
కుడిచుట్టు అని రాయండి. గొడవే లేదు.

గుల్లలపెట్టె:
ఉబ్బెత్తువి 8, 9 ఫోటోల్లో ఉన్నాయి. నోరు అర్ధచంద్రంలా ఉంది, లోపలి అంచున తెల్లటి అరుగు, దాని మీద బుల్లి పళ్లు. ఇది నెరిటా కుటుంబమే, క్లిథాన్ ప్రజాతి కావచ్చు. కానీ అవి ఎక్కువగా ఏటి మొగల్లో, బురద నేలల్లో ఉంటాయి. అలలు కొట్టే ఇసుకలో అంబోనియంతో పాటు దొరకడం నాకు నప్పడం లేదు.

అలలఅమ్మ:
ఆ రెండూ బీచ్‌వి కాదు. వచ్చేటప్పుడు గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట దిగాం కదా, అక్కడ బురదలో పాప తీసింది. ఒకే సంచిలో వేశాం.

ఉప్పుటేరు:
😐

గుల్లలపెట్టె:
అయితే కుదిరింది. వాటికి క్లిథాన్ అని ప్రజాతి పేరు మాత్రం రాయండి. ఈ ఫోటోతో అంతకు మించి నేను సాహసించను. మొదటి ఏడింటి కింద ఇలా రాయించండి: అంబోనియం వెస్టియేరియం (లినేయస్, 1758). ఆ బ్రాకెట్లు వదిలేయకండి. లినేయస్ దీన్ని మొదట ట్రోకస్ ప్రజాతిలో పెట్టాడు, తర్వాత మార్చారు. ప్రజాతి మారిందని చెప్పడానికే ఆ బ్రాకెట్లు. పేరు పెట్టినప్పటి ప్రజాతిలోనే ఉంటే బ్రాకెట్లు ఉండవు. దొరికిన చోటు, తేదీ కూడా రాయండి. చోటు రాయని గుల్ల అలంకారానికే పనికొస్తుంది.

పాత మాస్టారు:
పైన శీర్షికలో ఇంకా గవ్వలు అనే ఉంది. ఎవరైనా మార్చగలరా?

అలలఅమ్మ:
చార్టు ఇచ్చేశాం. తొమ్మిది గుల్లలకు రెండే పేర్లేంటని టీచరు అడిగిందట. మా పాప ముత్యం వాటిని చూపించి వెనిగర్ కథ మొత్తం చెప్పేసిందట క్లాసులో. థాంక్స్ అందరికీ. శీర్షిక మార్చడం నాకు రావట్లేదు మాస్టారూ.

కాకినాడకుర్రాడు:
అన్నా, మా కోరంగి మడ అడవి బురదలో పొడుగ్గా, నల్లగా, మేకులాంటిది దొరికింది. పేరు చెప్పండి. ఫోటో పైనుంచి తీశా.

ఉప్పుటేరు:
సైజు?