నీటి బూజుకు ఒంటి వేడే మీటా?

గాజుపళ్లెం:
మా ల్యాబులో తెగని వాదన ఒకటి ఇక్కడ పెడుతున్నాను. పిథియం ఇన్సిడియోసం అనే నీటి బూజు చూడటానికి శిలీంధ్రంలా ఉన్నా శిలీంధ్రం కాదు, గోధుమ రంగు నాచుకు దూరపు చుట్టం. కుంటల్లో, వరిమళ్లలో బతుకుతుంది. గుర్రాలకు చర్మం మీద, మనుషులకు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద పుండ్లు తెస్తుంది. థాయ్‌లాండ్ పరిశోధకులు దీన్ని 28 డిగ్రీల దగ్గర, 37 డిగ్రీల దగ్గర పెంచి, ఏ జన్యువు ఎంత పనిచేస్తుందో పోల్చి 2014లో ప్రచురించారు. ఇలాంటి నీటి బూజుల్లో కనిపించే ఎలిసిటిన్ వర్గానికి చెందిన ఒక ప్రొటీన్ జన్యువు 37 దగ్గర బాగా జోరందుకుంది. ఆ ప్రొటీన్‌ను బూజు బయటికి స్రవిస్తుంది కూడా. కాబట్టి ఒంటి వేడి తగలగానే ఇది రోగకారిగా మారుతుందని, అంటే వేడే దీనికి మీట (స్విచ్) అని నా వాదన.

మూసీ ఒడ్డు:
37 డిగ్రీలు ఒంటి సొత్తేమీ కాదు కదండీ! మే నెల మధ్యాహ్నం ఊరి బయట మోకాలి లోతు కుంటలో చెయ్యి పెట్టి చూడండి. మీ ల్యాబులోనే ఆకు ముక్కల మీద ఈ బూజును పెంచి, లవణాల నీటిలో వేసి 37 దగ్గర ఉంచితే గంటో రెండు గంటలకో గమన సిద్ధబీజాలు (ఈదగలిగే, విత్తనాల్లాంటి కణాలు) ఈదుకుంటూ బయటికి వస్తాయి. అక్కడ గుర్రమూ లేదు, మనిషీ లేడు. వేడి నీటిలో బతకడానికి పెరిగిన జన్యువును రోగం కోసం పెరిగిందని ఎలా అంటారు?

గాజుపళ్లెం:
అది వేడి దెబ్బకు తట్టుకునే ప్రయత్నం కాదండీ. 37 దగ్గర ఇది హాయిగా పెరుగుతుంది.

మూసీ ఒడ్డు:
అదే చిక్కు. హాయిగా పెరిగేదానిలో సగం జన్యువులు పెరుగుదల వల్లే ఎక్కువ పనిచేస్తాయి. రెండు పళ్లేలనూ ఒకే వయసులో తీశారా, ఒకే దశలో తీశారా అన్నది ముందు తేల్చాలి.

కంటి వైద్యుడు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కార్నియా ఉపరితలం 37 దగ్గర ఉండదు. గాలి తగులుతూ, కన్నీరు ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి సుమారు 34 దగ్గర ఉంటుంది. మేము రోజూ చూసే రోగానికి మీ రెండు పళ్లేలూ సరిపోలవు.

ఈ బూజు కణ పొరలో ఎర్గోస్టెరాల్ (శిలీంధ్రాల కణ పొరలో ఉండే కొవ్వు పదార్థం) ఉండదు. అందుకే ఆ పదార్థాన్ని పట్టుకుని పనిచేసే శిలీంధ్రాల మందు నాటమైసిన్ చుక్కలు వారాల తరబడి వేసినా పుండు తగ్గదు. స్లైడు మీద అయోడిన్, సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తే బూజు వెడల్పాటి పోగులు నీలంగా మారతాయి. కణ గోడలో సెల్యులోజ్ ఉన్నందుకు గుర్తు అది. బంజారాహిల్స్‌లోని ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు బాక్టీరియా మందులైన లినెజోలిడ్, అజిత్రోమైసిన్‌లతో చికిత్స చేసి ఫలితాలు ప్రచురించారు. రోగికి కావలసింది ఆ నీలం రంగు తొందరగా కనబడటం. మీ మీట సంగతి తేలేదాకా మేము ఆగలేము.

గాజుపళ్లెం:
డాక్టరు గారూ, మందు కనిపెట్టాలన్నా ఏ ప్రొటీన్‌ను పట్టుకోవాలో తెలియాలి కదా!

మూసీ ఒడ్డు:
తెలియాలి. కానీ ఉష్ణోగ్రత నిజంగా మీట అని చూపించడం ఎలా ఉంటుందో బంగాళాదుంప తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా మీద పని చూస్తే తెలుస్తుంది. చలికి దాని సిద్ధబీజాశయాలు గమన సిద్ధబీజాలను విడుస్తాయి. 2006లో ఆ దశ జన్యువుల ముందు, వాటిని పనిచేయించే 7 అక్షరాల డీఎన్ఏ వరుసను పట్టుకున్నారు. చలికి కణ త్వచం బిగుసుకోవడమే సంకేతమని కూడా చూపించారు. అక్కడ కారణం నుంచి ఫలితం దాకా గొలుసు ఉంది. మీ దగ్గర ఉన్నది రెండు చివరలు, నడుమ ఖాళీ. 28 దగ్గరే కార్నియా కణజాలం తగిలించి చూడండి. ఆ జన్యువు అప్పుడూ లేస్తే వేడి ఒక్కటే మీట కాదని తేలుతుంది. లేవకపోతే మీ మాటకు బలం వస్తుంది. ఇంకో పళ్లెం 34 దగ్గర పెట్టండి.

గాజుపళ్లెం:
34కు పెట్టగల ఇంక్యుబేటర్ మా దగ్గర ఒక్కటే ఉంది, అందులో సీనియర్ల పళ్లేలు నిండుగా ఉన్నాయి. సోమవారం మా గైడును అడుగుతాను. కార్నియా కణజాలానికి మేక కళ్లు మాత్రం మాంసం కొట్టులో దొరుకుతాయి.