క్యారల్స్‌ల డప్పు కొట్టొచ్చా?

చిట్యాల_యూత్:
అందరికి వందనాలు. ఈసారి ఇంటింటికి తిరిగి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ డిసెంబర్ 22, 23 రాత్రులు పెట్టుకున్నం. మొత్తం 58 ఇండ్లు. ఏటా కిరాయికి తెచ్చే డ్రమ్ ప్యాడ్, రెండు సౌండ్ బాక్సులు ఈసారి వద్దనుకుంటున్నం. సంఘంలనే ఇద్దరు తమ్ముళ్లకు డప్పు బాగ వస్తది. కాకపోతే ఒకరి డప్పు శ్రావణంల ఊరి బోనాలకు కొట్టింది. దాంతోని సంఘ పెద్దలు రెండుగ చీలిన్రు. ఒకే ఇంట్ల తండ్రి వద్దంటడు, కొడుకు కొడతనంటడు. కొట్టొచ్చా, కొట్టొద్దా? కొట్టొచ్చంటే చలిల తోలు సడలకుంట ఏం చేయాలె?

దేవరకొండ_డోలక్:
కొట్టొచ్చా లేదా అన్నది పెద్దలు తేలుస్తరు, నేను తోలు సంగతి చెప్త.

డిసెంబర్‌ల రాత్రి ఎనిమిది దాటినంక మంచు పడుతది. తోలు తేమ గుంజుకుంటది, సడలుతది, 'ఠంగ్' పోయి 'డబ్' అని మోగుతది. కొట్టేటోడు ఇంకా గట్టిగ కొడతడు, తోలు ఇంకా దిగుతది. అందుకని ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకోసారి కాయాలె. వరిగడ్డి మంట చాలు. డప్పును మంటకు మూరెడు ఎత్తుల పట్టి తిప్పుకుంట ముందు అంచులు, తర్వాత నడుమ. రెండు మూడు నిమిషాలు. వేలితో తట్టి చూడాలె, ఎండిన మోత వస్తే తీసేయాలె. ఇంకొంచెం కాద్దాం అనుకున్నోడే డప్పు పగలగొట్టుకుంటడు. చింతగింజల బంకతో అంటించిన డప్పు అయితే అంచు దగ్గర వేడి ఎక్కువై బంక విడిచిపెడుతది, అటెన్క ఆ రాత్రికి అది పనికిరాదు. ఇంటికీ ఇంటికీ నడుమ గోనె సంచిల పెట్టి మోయుండ్రి, భుజానికి తోలు బయటికి పెట్టి తిరగొద్దు.

ఫైబర్ డప్పు అయితే ఈ లొల్లి లేదు. బోల్టులు పానాతో బిగిస్తే అయిపోతది. దాన్ని మాత్రం మంట దగ్గరికి తీస్కపోవద్దు, ప్లాస్టిక్ ముడుచుకపోతది. మోత సన్నగ, పదునుగ ఉంటది. చిన్నపిల్లలున్న ఇంటి ముందర చెవులు పగులుతయి.

ఇంకో మాట. డప్పు పాడేటోళ్ల ముందర నిలబెట్టకుండ్రి. వెనుక పది అడుగుల దూరం. పల్లవికి కొట్టాలె, చరణానికి ఆపాలె. లేకుంటే లోకరక్షకుడు పుట్టిండన్న మాట ఎవ్వరికీ వినపడది, దరువే మిగులుతది.

కందనూలు_పెద్ద:
ప్రభువు నామమున వందనములు. వద్దు. రెండవ కొరింథీ 6వ అధ్యాయం 14 నుంచి 17 దాకా చదువుకొనుడి. బోనాల ముందర మోగిన వస్తువు క్రిస్మస్ ముందర మోగరాదు.

కొల్లాపూర్_సత్యం:
అసలు డిసెంబర్ 25 బైబిల్‌ల ఎక్కడుంది? పండుగే లేనప్పుడు డప్పు గురించి ఎందుకు లొల్లి?

హాలియా_హార్మోనియం:
సత్యం అన్నా, వేరే చర్చ తెరువు. పోయినవనుకుంటే మళ్ల వస్తవు ప్రతి డిసెంబర్‌ల. ధర్మశాస్త్రంల లేని ఆలయ ప్రతిష్ఠిత పండుగ నాడు యేసయ్య దేవాలయంలనే తిరిగిండు, యోహాను 10:22, 23. అక్కడితో ఆపు.

నకిరేకల్_టీచరక్క:
తమ్ముడూ, డప్పు బైబిల్‌లో లేదనే మాట ఎవరైనా తెస్తారు, అది రాకముందే ఒక విషయం చెప్తాను. నిర్గమకాండం 15:20లో మిర్యాము చేత పట్టుకున్నది మన తెలుగు బైబిల్‌లో 'తంబుర'. తెలుగు చదివేవాళ్లకు తంబుర అంటే తంతులు, ఒళ్లో పెట్టుకొని మీటేది. మూలంలో ఉన్న హీబ్రూ మాట 'తోఫ్'. గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో పట్టుకొని వాయించేది. 150వ కీర్తన 4వ వచనమే చూడండి, తంబుర అన్న తర్వాత తంతివాద్యాలను వేరుగా చెప్పింది. తంబురకు తంతులే ఉంటే మళ్లీ ఎందుకు చెప్తుంది? మిర్యాము పట్టుకున్నదానికి మన ఊళ్లో దగ్గరి చుట్టం కంజీర, దాని అన్న డప్పు.

కాబట్టి తోలు వాద్యం ఆరాధనకు పనికిరాదనడానికి వాక్యంలో ఆధారం లేదు.

కందనూలు_పెద్ద:
అమ్మా, తోలు వాద్యము అనలేదు. ఆ డప్పు అన్నాను. ఆ అబ్బాయి శ్రావణములో కొట్టిన డప్పు.

హాలియా_హార్మోనియం:
పెద్దయ్యా, మరి కిరాయి బాక్సులో? సౌండ్ సిస్టమ్ ఆయన దగ్గర బాక్సులు ఒకటే జత. వినాయక నిమజ్జనంల అవే, పెండ్లి బరాత్‌ల అవే, మన సెమీ క్రిస్మస్‌ల అవే. బాక్సు మీద పోయినసారి అంటించిన స్టిక్కర్ కూడా తీయడు. దాన్ని ఎవ్వరూ అడగరు.

దేవరకొండ_డోలక్:
బాక్సుల ఎకో కూడా తగ్గియ్యమని ఎవ్వరూ అడగరు, అది నా బాధ.

అచ్చంపేట_88:
సంఖ్యాకాండం 31:23 ప్రకారం అగ్నిల వేసి తీస్తే శుద్ధి అయితది. డప్పును ఇరవై నిమిషాలకోసారి కాస్తనే ఉంటరు కదా. అయిపాయె.

కందనూలు_పెద్ద:
నవ్వులాటకు వాక్యమును వాడవద్దు. 22, 23లో చెప్పినది బంగారము, వెండి, ఇత్తడి, ఇనుము వంటి లోహములకు. తోలు వస్తువుల మాట 20వ వచనములో ఉన్నది.

నకిరేకల్_టీచరక్క:
ఉంది. చదివాను. తోలు వస్తువును శుద్ధి చేయమని ఉంది. పారేయమని లేదు. మీరు చూపించిన వచనమే.

మిర్యాలగూడ_ఆర్‌సీ:
మా కథోలిక సంఘాల్లో ఇది ఎప్పుడో తేలిన ముచ్చట. 1963లోనే రెండో వాటికన్ మహాసభ ఆయా ప్రజల సంగీతానికి ఆరాధనలో చోటివ్వాలని చెప్పింది. నల్లగొండ మేత్రాసనం (డయోసిస్) ఏర్పడిందే 1976లో, దాని తర్వాత. డప్పుతో అర్పణ ఊరేగింపు మాకు కొత్త కాదు.

కందనూలు_పెద్ద:
మీ సభలు మాకు ప్రమాణము కావు.

అచ్చంపేట_88:
టైము లెక్క ఎవ్వరూ చూడలె. ఇంటికి ఒక పాట, చిన్న ప్రార్థన, నడక కలిపి ఏడు నిమిషాలు. 58 ఇండ్లు ఒక్క రాత్రి అయితే 406 నిమిషాలు, సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడితే రాత్రి ఒంటిగంట దాటుతది. రెండు రాత్రులు చేస్కున్నరు కాబట్టి 29 ఇండ్లకు 203 నిమిషాలు, పదికి ఏడు నిమిషాలు తక్కువ ఉండంగ అయిపోతది. కాని ప్రతి ఇంట్ల చాయ్, కేకు అంటే పన్నెండు నిమిషాలు, రాత్రి పన్నెండుంబావు దాటుతది. చాయ్ మూడు ఇండ్లకే ఒప్పుకోండ్రి, ముందే చెప్పుండ్రి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు బంద్. వాద్యాలు కూడా అందులకే వస్తయి, అంటే డప్పుకు కూడా. పండుగలకు పన్నెండు దాకా సర్కారు సడలింపు ఇస్తది, అయితే ఏడాదికి పదిహేను రోజులు మించకుండ. మీ జిల్లల ఆ తేదీలకు ఉన్నదో లేదో ఠాణాల అడిగి పోవాలె.

చిట్యాల_యూత్:
మంచి లెక్క అన్నా. చాయ్ సంగతి స్త్రీల సమాజం అక్కలకు చెప్తం. అసలు ప్రశ్న అట్లనే ఉన్నది.

ఆలంపూర్_కీబోర్డ్:
అసలు ప్రశ్న నేను చెప్త. నామోషి. పట్నం సంఘాలల్ల డ్రమ్ సెట్టు పెడితే మోడ్రన్, పల్లె సంఘంల డప్పు పెడితే పాత వాడ యాదికొస్తది. కుర్చీలల్ల కూసునే పెద్దలకు అది నచ్చది. కందనూలు పెద్దయ్యకు కూడా అదే. బోనాలు, వచనాలు అంతా సాకు.

కందనూలు_పెద్ద:
సరే. సాకు అన్నవు గనుక గ్రాంథికం పక్కన పెట్టి రాస్త.

నామోషి కాదు. 1866ల యెర్రగుంట్ల పేరయ్య, తోలు వ్యాపారం చేసే మనిషి, బాప్తిస్మం తీస్కున్నడు. అటెన్క ఒంగోలు దిక్కు వేలమంది వచ్చిన్రు. 1878 జూలై 3 నాడు గుండ్లకమ్మల ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన్రు. వాళ్లకు మిషనరీ క్లౌ దొర పెట్టిన కట్టుబాట్లు పెద్దవి కావు. విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చేయొద్దు. విగ్రహాలకు మొక్కొద్దంటే జాతరల డప్పు కొట్టుడు కూడా బంద్. ఊరు ఊకుంటదా? డప్పు బంద్ అంటే వెట్టి బంద్. చాటింపు కొట్టాలె, సావుకు కొట్టాలె, జాతరకు కొట్టాలె, ఎద్దు సచ్చినా దొర పిలిచినా పోవాలె. కొట్టనన్నోడికి కళ్లంల గింజ ఇయ్యలె, బాయి నీళ్లు బంద్ చేసిన్రు. మన దిక్కు 1890లల్ల నల్లగొండకు మిషనరీలు ఫ్రీసన్ దంపతులొచ్చిన నాటికి కూడా నైజాంల వెట్టి అట్లనే ఉన్నది.

డప్పు కింద పెట్టుడే మన ముందటితరం విశ్వాసానికి మొదటి సాక్ష్యం. దాన్ని మీరు ఇయ్యాల క్రిస్మస్ నాడు మళ్ల ఎత్తుతున్నరు, అందం కోసం. నాకు మండుతున్నది గది. తోలు కాదు, బోనాలు కాదు.

ఆలంపూర్_కీబోర్డ్:
నామోషి అన్న మాట వాపస్ తీస్కుంటున్న పెద్దయ్యా.

నకిరేకల్_టీచరక్క:
ఇది మొదటే రాసి ఉంటే ఇరవై పోస్టులు మిగిలేవి. మీ మాటలో బరువుంది, కాదనను. అయినా ఒక్కటి. వెట్టిలో బాధ డప్పుది కాదు, వద్దనే హక్కు లేకపోవడానిది. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు అదే డప్పును భుజాన వేసుకొని రోడ్డెక్కారు కదా. పిలిస్తే పోయి కొట్టడం వేరు, మన ఇంటి పండుగకు మనం కొట్టుకోవడం వేరు.

కందనూలు_పెద్ద:
అమ్మా, 'మనం' అన్నవు. ఆ 58 ఇండ్లల్ల రెండు వాడలోళ్లు ఉన్నరా లేరా? డప్పు కొట్టేది ఏ వాడ పిల్లలు? పాటల పుస్తకం పట్టుకునేది ఎవరు? ముందు నడిచేది ఎవరు? పది అడుగులు వెనుక నిలబడి, మంట కాసుకుంట, గోనె సంచి మోసుకుంట తిరిగేది ఎవరు?

దేవరకొండ తమ్ముడు వెనుక నిలబెట్టుమన్నది మోత కోసం, నాకు తెలుసు. కాని చూసేటోళ్లకు కనపడేది ఏంది?

దేవరకొండ_డోలక్:
...నేను ఆ దిక్కు ఆలోచించలె పెద్దయ్యా.

హాలియా_హార్మోనియం:
అయితే ఇద్దరికి కాదు, అందరికీ నేర్పియ్యాలె. వంతులు పెట్టుకోవాలె.

కందనూలు_పెద్ద:
నేర్పుండ్రి. పాస్టర్ అయ్యగారి కొడుకు భుజానికి డప్పు వెయ్యుండ్రి, సంఘ కార్యదర్శి కొడుకు భుజానికి వెయ్యుండ్రి. ఆ ఇద్దరు తమ్ముళ్ల చేతికి పాటల పుస్తకం ఇయ్యుండ్రి. అప్పుడు నేను అడ్డం రాను.

కొల్లాపూర్_సత్యం:
ఇంత మాట్లాడిన్రు, 25వ తారీఖుకు మాత్రం జవాబు లేదు.

చిట్యాల_యూత్:
అయ్యగారితోని మాట్లాడిన. కొడుకు ఇంటర్, సరేనన్నడు. కార్యదర్శి ఇంట్ల ఇంకా లొల్లి నడుస్తున్నది, ఆయనే ఆ తండ్రి. పెద్దయ్య రాసింది మొత్తం చదివి వినిపించినం, ఏం అనలె, లేచి పోయిండు. మాకు పదిహేడు రోజులున్నయి. డోలక్ అన్నా, ఎన్నడూ పట్టనోడు అన్ని రోజులల్ల నేర్చుకుంటడా?

దేవరకొండ_డోలక్:
ఒక్క దరువు వస్తది, అన్ని పాటలకు అదే వాడుకోవాలె. మొదటి వారం డప్పు ముట్టనియ్యకుండ్రి, తొడ మీద చేతులతో కొట్టి లెక్క పట్టాలె, పాడుకుంట. రెండో వారం డప్పు ఎడమ భుజానికి తగిలించి, చట్రం ఎడమ చేత్తో పట్టి, ఆ వేళ్ల సందునే సన్న వెదురు పుల్ల. కుడి చేతిల సిర్ర, అంటే పొట్టి దొడ్డు కర్ర. కొత్తోళ్లు చేసే తప్పు ఒకటే, పాట జోరైతే దరువు ఉరుకుతది. నాలుగో ఇంటికల్లా పాడేటోళ్లకు ఊపిరి అందది. పాత తమ్ముళ్లల్ల ఒకరు పక్కన నిలబడి తాళాలు పట్టాలె, ఉరకనియ్యకుండ.

కందనూలు_పెద్ద:
ఎడమ చేతి పుల్లను చూపుడు వేలుతో అదిమి పట్టొద్దని చెప్పు. వదులుగ ఉండాలె, తోలు మీద దానంతట అదే ఆడాలె. అదిమితే రెండో రోజుకే మణికట్టు వాస్తది. ఇంకోటి, వరిగడ్డి వద్దు. భగ్గున లేస్తది, అప్పుడే సల్లారుతది, తోలు సమంగ కాగది. జొన్న చొప్ప మంచిది.

చిట్యాల_యూత్:
పెద్దయ్యా, చొప్ప మా దిక్కు యాడిది? అంతా వరి, పత్తి. పత్తి కట్టె పనికొస్తదా?

కందనూలు_పెద్ద:
పత్తి కట్టె వద్దు. దానికి కొట్టిన మందు పొగల లేస్తది, కండ్లు మండుతయి, పాడేటోళ్ల గొంతు పడుతది. కంది కట్టె చూడుండ్రి. ఒక మోపు ముందే ఎండబెట్టి పెట్టుకోండ్రి.