ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీతో డిస్‌ప్లే రీసెర్చ్‌లోకి వెళ్లొచ్చా?

ఓరుగల్లు_కెమ్:
అన్నలూ అక్కలూ, వరంగల్‌లో ఎమ్మెస్సీ ఆర్గానిక్ ఫైనలియర్ చదువుతున్నా. మా క్లాసులో ఎవర్ని కదిపినా హైదరాబాద్ వెళ్లి ఫార్మాలో చేరడం గురించే. నాకేమో ఓఎల్ఈడీ (కరెంటిస్తే వెలిగే ఆర్గానిక్ పొరలతో చేసే డిస్‌ప్లే) మెటీరియల్స్ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. సీనియర్ ఒకాయన్ని అడిగితే "అది ఈసీఈ వాళ్ల పని, నీకెందుకు" అన్నాడు. బీటెక్ లేకపోతే రానివ్వరా?

పల్చటి_పొర:
ఓఎల్ఈడీకి దారి వేసిందే కెమిస్టులండీ. 1987లో కొడాక్ కంపెనీ నుంచి ఓఎల్ఈడీ పేపర్ రాసిన చింగ్ టాంగ్‌ది కార్నెల్‌లో ఫిజికల్ కెమిస్ట్రీ పీహెచ్‌డీ, తోడుగా చేసిన వాన్ స్లైక్ కూడా కెమిస్టే. రెండంటే రెండు ఆర్గానిక్ పొరలు వేసి 10 వోల్టుల లోపే వెలిగించారు. ఎల్‌సీడీలోనూ అంతే, అమెరికా కంపెనీ ఆర్‌సీఏలో మొదలుపెట్టిన హైల్‌మైయర్ ఎలక్ట్రికల్ ఇంజనీరే గానీ, మామూలు గది వేడిలో చెడిపోకుండా నిలిచే లిక్విడ్ క్రిస్టల్స్, అంటే సయనోబైఫినైల్స్ చేసిచ్చింది ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీ కెమిస్ట్ జార్జ్ గ్రే. పిక్సెల్ వెనక ఉండే ఐజీజీవో (ఇండియం గాలియం జింక్ ఆక్సైడ్) ట్రాన్సిస్టర్‌ని 2004లో చూపించిన హొసోనో చదివిందీ కెమిస్ట్రీయే. ఇక డిస్కోటిక్ (పళ్లెం ఆకారపు మాలిక్యూల్స్ ఉండే) లిక్విడ్ క్రిస్టల్స్‌ని 1977లో బెంగళూరులో కనిపెట్టిన ఎస్. చంద్రశేఖర్ ఫిజిక్స్ మనిషి. ఎవరు ఎటునుంచి వచ్చారో చూశారుగా.

ల్యాబ్_రాత్రులు:
పైన చెప్పింది నిజమే గానీ, మాలిక్యూల్ చేసి సీసాలో పోసి డివైస్ వాళ్ల చేతిలో పెట్టేసి ఊరుకుంటే పీహెచ్‌డీ అయ్యాక కూడా మిమ్మల్ని సింథసిస్ మనిషిగానే చూస్తారు. హోమో-లూమో (మాలిక్యూల్‌లో ఎలక్ట్రాన్ల ఎనర్జీ లెవెల్స్) మీకు వచ్చు, బ్యాండ్లు (ఘనపదార్థంలో ఆ లెవెల్స్), మొబిలిటీ (ఛార్జ్ ఎంత తేలిగ్గా కదులుతుందో), ఎలక్ట్రోడ్ నుంచి ఛార్జ్ లోపలికి ఎలా ఎక్కుతుంది, ఇవి కూర్చుని నేర్చుకోవాలి. జపాన్ ఇంజనీర్ నకమురా చదివింది ఎలక్ట్రానిక్స్, కానీ బ్లూ ఎల్ఈడీకి కావాల్సిన గాలియం నైట్రైడ్ పెంచే రియాక్టర్‌ని తనే విప్పి మార్చుకున్నాడు, బ్లూ ఎల్ఈడీ చేసేనాటికి ఆయనకి పీహెచ్‌డీ కూడా లేదు.

ఓరుగల్లు_కెమ్:
థాంక్స్ అన్నా. మరి నేర్చుకున్న ఆర్గానిక్ అంతా వేస్టేనా అని టెన్షన్.

ల్యాబ్_రాత్రులు:
వేస్ట్ ఏంటి తమ్ముడూ, ఫార్మాలో చేసే సుజుకీ కప్లింగే (రెండు ముక్కల్ని కార్బన్-కార్బన్ బంధంతో అతికించే రియాక్షన్) ఇక్కడా రోజూ చేస్తారు. తేడా అంతా ప్యూరిఫికేషన్‌లో. కాలమ్ చేసి హెచ్‌పీఎల్‌సీలో (ప్యూరిటీ చూసే మెషీన్) ఒక్కటే పీక్ వచ్చిందని సంబరపడితే సరిపోదు, ఆ పౌడర్‌ని పొడుగాటి గాజు గొట్టంలో పెట్టి వాక్యూమ్‌లో వేడి చేస్తే ఆవిరై చల్లగా ఉన్న వైపు వెళ్లి పట్టీలు పట్టీలుగా గడ్డకడుతుంది, అందులో మంచి పట్టీని మాత్రమే గీకి తీసుకోవాలి. పాడుపని, గంటలు పడుతుంది, పైగా చేతికొచ్చేది కొంచెమే. దీని మీద చేయి తిరిగితే డివైస్ గ్రూపుల్లో నీకు గిరాకీ.

పల్చటి_పొర:
నెట్ గానీ గేట్ గానీ కెమిస్ట్రీలోనే రాయండి. చాలాచోట్ల మెటీరియల్స్ డిపార్ట్‌మెంట్లు కూడా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లని తీసుకుంటాయి, నోటిఫికేషన్లో అర్హతల లైను మాత్రం జాగ్రత్తగా చదవండి. బెంగళూరు సెన్స్‌లో (నానో, సాఫ్ట్ మ్యాటర్ రీసెర్చ్ సంస్థ) లిక్విడ్ క్రిస్టల్స్, ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ సెంటర్, ముందు వాళ్ల పేపర్లు చూసి గైడ్‌కి మెయిల్ పెట్టండి. గ్రూపులో గ్లవ్‌బాక్స్ (గాలీ తేమా తగలకుండా పనిచేసే పెట్టె), ఎవాపరేటర్ (వాక్యూమ్‌లో పల్చటి పొరలు వేసే మెషీన్) సొంతంగా ఉన్నాయా అని అందులోనే అడిగేయండి.