జీవిత లక్ష్యం తెలిస్తేనే పని సాగుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఇదే బుర్ర తినేస్తోంది. ఉద్యోగం చెడ్డదేం కాదు, జీతానికీ ఇబ్బంది లేదు, కానీ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుంటే పని మొదలుపెట్టబుద్ధి కాదు, సాయంత్రానికి సగం అలాగే మిగిలిపోతుంది. ఏ వీడియో చూసినా ముందు నీ జీవిత లక్ష్యం తెలుసుకో, మిగతాదంతా అదే వస్తుంది అంటారు. కాగితం ముందేసుకుని కూర్చుంటే ఏమీ తట్టదు సరికదా, ఇంత వయసొచ్చినా ఇది కూడా తెలియదా అని టెన్షన్ మొదలవుతుంది. మీలో ఎవరికైనా అలా తెలిసిందా? తెలిశాక పనిలో తేడా వచ్చిందా?

జవాబు 1:
ఆ వీడియోలు ఆపేయండి ముందు. లక్ష్యం ఎక్కడో రెడీగా ఉంటుంది, మనం వెతికి పట్టుకోవాలి అనుకోవడంలోనే తేడా ఉంది. పాల్ ఓకీఫ్, కరోల్ డ్వెక్, గ్రెగరీ వాల్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2018లో దీని మీదే పరిశోధన ప్రచురించారు. ఆసక్తి పుట్టుకతో ఉండేదే అని నమ్మేవాళ్లు, కొత్తగా నచ్చిన విషయం కష్టంగా మారగానే దాని మీద ఆసక్తి బాగా కోల్పోయారు, పెంచుకుంటే పెరుగుతుంది అనుకున్నవాళ్లలో ఆసక్తి అంతగా తగ్గలేదు. డార్విన్‌నే చూడండి, వైద్యం చదువు మధ్యలో మానేశాడు, తర్వాత చర్చిలో మతగురువు అవుదామని కేంబ్రిడ్జ్‌లో చేరాడు, 1831లో బీగిల్ ఓడ ఎక్కేనాటికి 22 ఏళ్లు, పరిణామ సిద్ధాంతం అప్పటికి మనసులోనే లేదు. కాకపోతే ఎవరూ చెప్పకుండానే పురుగులు పోగుచేసే అలవాటు మాత్రం ఉండేది. మీరు ఎవరూ అడగకుండా చేసే పని ఏంటో చూసుకోండి, నా దృష్టిలో పెద్ద లక్ష్యం కంటే అదే ముఖ్యం.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ మీ అసలు ఇబ్బంది ఇప్పుడున్న పనిలో ఊపు లేకపోవడం కదా. మనస్తత్వ శాస్త్రవేత్త ఆడమ్ గ్రాంట్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఒక యూనివర్సిటీకి ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగులు, ఆ డబ్బుతో స్కాలర్‌షిప్ అందుకున్న విద్యార్థితో కొద్ది నిమిషాలు మాట్లాడారు, అంతే. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్‌లో గడిపే సమయం 142 శాతం, తెచ్చే విరాళాలు 171 శాతం పెరిగాయి. జీతం అదే, పని అదే, ఆ పని ఎవరికి చేరుతోందో కళ్లారా చూశారు. మీ పని చివరికి ఎవరి చేతికి వెళ్తోందో మీకు తెలుసా?

జవాబు 3:
ఇంకో కోణం కూడా చూడండి అండి. పని ఒక్కటేనా, లేక ఇంతకుముందు ఇష్టంగా చేసినవి కూడా చప్పగా అనిపిస్తున్నాయా? రెండు వారాలకు మించి అలాగే ఉంటే, నిద్ర కూడా సరిగా లేకపోతే డాక్టర్‌ని కలవండి, డిప్రెషన్‌ని లక్ష్యం లేకపోవడం అని పొరబడేవాళ్లు చాలామంది ఉంటారు. అదేం లేదంటే, "రేపు పని చేస్తాను" అనుకోకుండా "తొమ్మిదింటికి కూర్చోగానే ఫలానా ఫైల్ తెరుస్తాను" అని ముందురోజే రాసుకోండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో ఇలా ముందే తేల్చుకుంటే మొదలుపెట్టడం తేలికవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఏళ్లతరబడి చేసిన పరిశోధనల్లో తేలింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. నిద్ర బాగానే పడుతోంది, సెలవురోజు హుషారుగానే ఉంటాను. రెండో జవాబులో అడిగింది మాత్రం గట్టిగా తగిలింది, నేను తయారుచేసే రిపోర్టులు ఎవరు చదువుతారో నిజంగా నాకు తెలియదు. సోమవారం మా మేనేజర్‌ని అడుగుతాను. ఎవరూ చదవడం లేదని తేలితే అప్పుడేం చేయాలి?