మళ్లీ అలాంటి రోజులొస్తే మన వీధి ఆసుపత్రి మూతపడకుండా ఏం అడగాలి?

అరిలోవ అబ్బాయి:
2020 ఏప్రిల్‌లో కరోనా వచ్చి మా పక్క వీధికి బారికేడ్లు కట్టేశారు. అమ్మకి షుగర్, బీపీ. నెలనెలా బిళ్లలు తెచ్చుకునే చిన్న ఆసుపత్రికి వెళ్తే గేటుకి తాళం, స్టాఫ్ అంతా సర్వే డ్యూటీలో ఉన్నారని కాగితం అంటించి ఉంది. ఉన్న బిళ్లల్నే అమ్మ సగం సగం విరిచి వేసుకుందంట, నాతో ఒక్క మాట చెప్పలేదు. వంటింట్లో కళ్లు తిరిగి పడిపోయాక, పోపుల పెట్టెలో సగం బిళ్లల పొట్లం దొరికితే అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎవర్నీ తప్పు పట్టాలని కాదు. వచ్చే వారం మా కాలనీ వాళ్లం ఇక్కడి డాక్టర్ గారిని కలుస్తున్నాం. మళ్లీ అలాంటి జబ్బు వస్తే మామూలు రోగుల వైద్యం ఆగకూడదంటే ముందే ఏం చేసి పెట్టమనాలి? అప్పుడు పనిచేసినవాళ్లు చెప్పండి.

గాజువాక ఏఎన్ఎం:
అమ్మగారు ఇప్పుడు బాగున్నారా తమ్ముడూ? తాళం పడిందంటే ఉన్న నలుగుర్నీ ఒకే పనికి పంపేశారన్నమాట. మాకూ మొదట్లో అంతే, పొద్దున్న ఇంటింటికీ జ్వరం సర్వే, మధ్యాహ్నం బయట దేశాల నుంచి వచ్చినవాళ్ల ఇళ్లు, సాయంత్రం ఫోన్‌లో ఎంట్రీలు. తర్వాత మా డాక్టర్ గారు స్టాఫ్ నర్సునీ ఫార్మసిస్టునీ మాత్రం ఎక్కడికీ కదపనని పట్టుబట్టారు. ఆ ఇద్దరుంటే మందుల కిటికీ తెరిచే ఉంటుంది. ముందు అది అడగండి.

తర్వాత రిజిస్టర్. మాది మామూలు 200 పేజీల నోటు బుక్కు. బీపీ, షుగర్, ఫిట్స్, నెలలు నిండిన గర్భిణులు, అందరినీ వీధుల వారీగా రాసి, పక్కన బిళ్ల పేరు, అవి ఏ తారీఖుకి అయిపోతాయో. అది చూసుకుని మా ఆశా కార్యకర్త రెండు నెలల బిళ్లలు కవర్లో పెట్టి, పేరు రాసి, పిన్ను కొట్టి గుమ్మంలో ఇచ్చేది.

పిల్లల టీకాలతో మాత్రం చాలా టెన్షన్ పడ్డాం. ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా టీకా) సీసాలో పొడి కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారబోయాలి. అందరినీ ఒకేసారి పిలిస్తే గుంపు, విడివిడి రోజుల్లో పిలిస్తే టీకా వృథా. అందుకని ఆ నాలుగు గంటల్లోనే ఒక్కో తల్లికి పావుగంట తేడాతో టైమ్ చెప్పి ఫోన్లు చేశాం. సుద్దతో గీసిన గళ్లలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడేవాళ్లు, ఒక్కరు కూడా విసుక్కోలేదు.

మెడికల్ ఆఫీసర్:
మేడమ్ చెప్పినదానికి తోడు గేటు సంగతి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లకి బయట వేపచెట్టు కింద టేబుల్ వేశాం, అక్కడే చూసి అక్కడి నుంచే పంపేవాళ్లం, లోపల కిటికీలన్నీ బార్లా తీసి మిగతా ఓపీ. మే నెలలో వైజాగ్ ఉక్కపోత మీకు తెలుసు కదా, పీపీఈ కిట్‌లో గంట గడిచేసరికి గ్లౌజుల్లో చెమట నీళ్లలా నిలిచేది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తక్కువ చూపిస్తే 108కి ఫోన్. వేలు చల్లగా ఉన్నా, నెయిల్ పాలిష్ ఉన్నా తప్పు చూపించవచ్చు, వేలు రుద్ది మళ్లీ చూడాలి. స్టాఫ్‌ని రెండు బ్యాచులు చేసి ఒకరికొకరు ఎదురుపడకుండా చూశాం, ఒక బ్యాచ్‌లో ఎవరికైనా వస్తే రెండోది నడిపేది.

2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్, అంటే ఫోన్‌లో వైద్యం, మార్గదర్శకాలు ఇచ్చింది, ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో దానికి 14410 నంబరు మొదలైంది. పాత రోగికి అదే మందు కొనసాగించడానికి ఫోన్ చాలు. గుండె నొప్పి, కొత్తగా ఆయాసం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం, ఇవి మాత్రం ఫోన్‌లో తేల్చేవి కావు, మనిషిని చూడాల్సిందే.

కొండవాలు మనిషి:
సార్, ఫోన్ అంటున్నారు. కొండ మీద మా ఇళ్లల్లో ఇంటికో ఫోన్, అదీ పనికెళ్లినాయన జేబులో ఉంటుంది. నేను టీబీ మందులు ఇచ్చే పనిలో ఉన్నాను. దగ్గు వస్తోందంటే క్వారంటైన్‌కి పట్టుకుపోతారని జనం దాచేవాళ్లు. దేశం మొత్తం మీద 2019లో 24 లక్షల టీబీ కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే. జబ్బు తగ్గి కాదు, చూసేవాళ్లు లేక. ఒకావిడ తలుపు వెనక కొంగు నోట్లో కుక్కుకుని దగ్గడం నేను మెట్ల మీద నిలబడి విన్నాను. మూడోసారి వెళ్తే గానీ కఫం డబ్బా తీసుకోలేదు. కాబట్టి మెట్లెక్కే మనిషి ఒకరు ఉండాలని కూడా అడగండి, ఆ మనిషికి మాస్కులు, ఆటో ఖర్చు కూడా.

అరిలోవ అబ్బాయి:
అన్నీ రాసుకున్నాను, చాలా థాంక్సండీ. అమ్మ బాగుంది మేడమ్. ఒక్క డౌట్, రెండు నెలల బిళ్లలు ఒకేసారి ఇచ్చేంత స్టాక్ ఉంటుందా?

గాజువాక ఏఎన్ఎం:
ఎంతమందో లెక్క తెలిస్తేనే ఇండెంట్‌లో, అంటే మందులు కావాలని పైకి పంపే చీటీలో, ఎక్కువ అడగగలరు తమ్ముడూ. డాక్టర్ గారి దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకండి, మీ వీధిలో ఎవరికి ఏ బిళ్లో ఇల్లిల్లూ అడిగి రాసుకుని వెళ్లండి. చీటీలో ఉన్న మోతాదు కూడా రాయండి, నోటితో చెబితే సగం మంది తెల్ల బిళ్ల, గులాబీ బిళ్ల అనే అంటారు.